ఈత రాదని చెప్పడానికి సిగ్గెందుకు?

చదువులు ముగిసేలోగా రిషికేశ్ వెళ్లి గంగలో రాఫ్టింగ్ చేయాలని మా బ్యాచ్ ఎనిమిది మందిమి అనుకున్నాం. రైలు చార్జీలు, బస, తిండి ఖర్చులు అన్నీ లెక్క వేశాం. ఈత ఎవరెవరికి వచ్చని ఒకరు చివర్లో అడిగారు. చేతులెత్తింది ముగ్గురే. వాళ్లదీ బావి ఈతే. మిగతా ఐదుగురం అంతవరకూ ఎందుకు నోరు విప్పలేదు?

మిత్రులారా, రానిదాన్ని దాచుకోవడం మనకు అలవాటైపోయింది. తరగతిలో ఇంగ్లీషు అర్థం కాకపోయినా తల ఊపాం. నవ్వుతారని భయం. నది దగ్గర ఆ భయం ప్రాణం తీస్తుంది.

శివపురి నుంచి రిషికేశ్ వరకు సుమారు 16 కిలోమీటర్లు గంగ రాళ్ల మీదుగా ఉరకలేస్తుంది. నీటి ఉరవడిని ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు. మనకు తగిన తరగతి ఏదో ముందే తెలుసుకోవాలి. పడవలోంచి పడితే నిలబడాలని చూడకూడదు. రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. కాళ్లు దిగువకు చాచి, వెల్లకిలా తేలాలి. బావి ఈత ఇది నేర్పదు. లైఫ్ జాకెట్, హెల్మెట్ ఉన్నా, ఈత రాదన్న సంగతి గైడ్‌కు ముందే చెప్పాలి.

2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. సరైన హెచ్చరిక లేకుండా లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. తప్పు ఆ పిల్లలది కాదు. కానీ ఎగువన డ్యామ్ ఉందా, నీళ్లెప్పుడు వదులుతారు అని అడిగి తెలుసుకోవడం ఇక మన బాధ్యత.

"ఇంటికి ఆధారం నువ్వే, నీళ్లతో చెలగాటం వద్దు" అంటారు మన అమ్మలు. ఆ మాటలో న్యాయం ఉంది. అలాగని నదులూ కొండలూ డబ్బున్న వాళ్లవేనని మనం ఒప్పుకోం. అదే ఏడాది మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అంతకుముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందారు. వాళ్ల ధైర్యం ఆ శిక్షణలోంచి వచ్చింది.

మా ప్రయాణం వాయిదా పడింది, రద్దు కాలేదు. ఐదుగురం ఈత నేర్చుకుంటున్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "నాకు రాదు" అని గట్టిగా చెప్పండి. నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.