బోర్డు మీది ఇంగ్లీషు



ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామములలో జూన్ వచ్చిందంటే మమ్మును అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, పిల్లోణ్ణి నంద్యాల కాన్వెంటులో వేద్దామా, ఊరి బళ్ళోనే ఉంచుదామా?" కాన్వెంటు అంటే గొర్రెలు అమ్మాలి, లేదా వడ్డీకి తేవాలి.

బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని ఉంటే ఇంగ్లీషు వచ్చేస్తుందని మేము చెప్పలేము. గడగడ చదివి, అర్థం అడిగితే నేల చూపులు చూచే పిల్లలను ఫీజుల బడులలోనూ చూచుచున్నాము. దేశదేశాలలో ఈ చదువు ఒక్క తీరుగా లేదు. జపానులో 2020 నుండి అయిదవ తరగతిలో ఇంగ్లీషు పాఠ్యవిషయమైంది. ఫిన్లాండులో 2020 నుండి పరభాష ఒకటవ తరగతిలోనే మొదలు. అయినా మిగతా పాఠములు సొంత భాషలోనే.

మన రాష్ట్రంలో 2019 నవంబరులో ప్రభుత్వ బడులకు ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. పెద్దల తగవు అట్లుండగా 2020-21లో ఒక మేలు జరిగింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగు ఉన్న పుస్తకములు ప్రభుత్వ బడులకు వచ్చాయి.

తెలుగు బైబిలు చదువగల తల్లికి ఆ తెలుగు పేజీ చాలును. రాత్రి అన్నం తిన్నాక బిడ్డ ఇంగ్లీషు పేజీ చదివి అర్థం చెప్పాలి, తల్లి ఎదుటి పేజీతో సరిచూడాలి. బిడ్డ ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టి, పుస్తకంతో సహా టీచరమ్మ యొద్దకు వెళ్ళండి. ఏడాది అయ్యాక ఆ పుస్తకాన్ని పాత కాగితాల వానికి వేయకండి, చిన్నవానికి పనికివచ్చును.