మిల్లు జాగా ఎవరి హక్?

మమ్మల్ని తిట్టాలనుకున్నప్పుడల్లా మీకు దొరికే మాట ఒకటే: 'నిజాం వారసులు'. సరే, ఆ వారసత్వం లెక్క ఇవాళ తేల్చుకుందాం రండి.

1934లో ఏడో నిజాం వరంగల్లులో బట్టల మిల్లు పెట్టించి పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టాడు. పేరు నవాబుది, చాకిరీ మాది. మా అబ్బాలూ మీ నాయనలూ ఒకే సైరన్‌కు లేచారు. ఒకే షిఫ్టులో దిగారు. ఒకే పత్తి దుమ్ము పీల్చి దగ్గారు. నిజాం సొత్తులో మాకు దక్కిన వాటా ఆ దగ్గే.

సర్కారు చేతికొచ్చాక కూడా మిల్లు బతకలేదు. నష్టాల పేరు చెప్పి 2002లో మూసేశారు. షెడ్లు కూల్చారు. మిగిలిన నేల లేఅవుట్ అయింది. ప్లాట్లు వేలానికొచ్చాయి. ఆ మిల్లులోనే ఒళ్లు అరగదీసుకున్న కార్మికులు మాత్రం ఇంటి జాగా కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇదేమిటని అడిగితే 'అభివృద్ధికి అడ్డం' అన్నారు. మేం ఇళ్లు వద్దన్నామా? పాడుబడ్డ మిల్లు జాగాలో ఇళ్లు లేస్తే మంచిదే. పచ్చని పొలాన్ని ప్లాట్లు చేయడం కంటే వెయ్యి రెట్లు నయం. మా తగాదా వేలంపాటతోనే. జీతం ఆగిపోయినవాడు వేలంలో చెయ్యెత్తగలడా?

కొనలేకపోతే కిరాయికి ఉండమంటారు. అదీ అడిగి చూశాం. 'ఖాళీగా ఉంది' అన్న నోరే మా పేరు వినగానే 'నిన్ననే ఇచ్చేశాం' అంటుంది. టులెట్ బోర్డు మాత్రం గేటుకు అలాగే వేలాడుతుంటుంది. దళిత సోదరుడికీ అక్కడ దొరికే జవాబు అదే. చివరికి మా ఇరుకు బస్తీలోనే సర్దుకుంటే, 'మీరంతా ఒక్కచోటే గుంపుగా ఎందుకుంటారు?' అని మళ్లీ మీరే అడుగుతారు!

అందుకే అంటున్నాం. మూతపడ్డ మిల్లు ఏదైనా సరే, ఆ నేల మీద మొదటి హక్ అందులో పనిచేసిన చేతులది. ముందు వాళ్ల కుటుంబాలకు వేలం లేకుండా జాగా ఇవ్వండి. కొత్త కాలనీలో పేరు చూసి తలుపు వేసే పద్ధతి మానండి. ఆ తర్వాత ఎన్ని అంతస్తులు లేపినా మేమే వచ్చి ఇటుకలు మోస్తాం.

నవాబుల కోటలు మాకక్కర్లేదు. మేం మిల్లు మజ్దూర్ల వారసులం. ఆ వారసత్వంలో రెండొందల గజాలు అడిగితే అది కబ్జా ఎట్లా అవుతుంది?