కుండీలో గన్నేరు

మన ఊళ్ళలో గన్నేరును పెంచామని ఎవరూ చెప్పుకోరు. గుడి ఆవరణలోనో, కంచె వారనో దానంతటదే పూస్తుంది. ఇంగ్లండులో మాత్రం దానికి చంటిబిడ్డ సేవలు కావాలి. ఎండ ఎంతైనా ఓర్చుకుంటుంది గాని, ఫ్రాస్టు గట్టిగా పడే రాత్రులు వరుసగా నాలుగు వస్తే నిలవదు. అందుకే కుండీలో వేసుకోవడం మేలు.

మే నెలాఖరుకు చలిభయం పోయాక కుండీని దక్షిణపు గోడ వారన పెట్టండి. పగలు పట్టిన వేడిని గోడ రాత్రి వదులుతుంది. వేసవిలో నీళ్ళు ధారాళంగా పోయండి. రెండు వారాలకోసారి టమాటా మొక్కల ఎరువు చాలు. ఎండ చాలని ఏడాది మొగ్గలు విచ్చకుండా ఉండిపోతాయి, దానికి మనం చేయగలిగింది లేదు. అక్టోబరులో లోపలికి తెచ్చి, వెలుతురు బాగా వచ్చే చల్లని గదిలోనో కన్సర్వేటరీలోనో ఉంచండి. చలికాలమంతా మట్టి పైపొర ఎండాకనే కాసిని నీళ్ళు. హీటింగు పక్కన పెడితే పొలుసు పురుగు పడుతుంది.

పూత అయ్యాక కొమ్మలు కత్తిరించుకోవచ్చు, చేతులకు గ్లవ్సు తొడుక్కుని. కత్తిరించిన కొమ్మలను కాల్చకండి, ఆ పొగా మంచిది కాదు.

ఇక వైద్యులుగా మేము చెప్పవలసిన మాట. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఇక్కడి తోటల్లో పూసే ఫాక్స్‌గ్లోవ్ మొక్క గురించి బర్మింగ్‌హాం వైద్యుడు విలియం విదరింగ్ 1785లో పుస్తకం రాశాడు. గుండెజబ్బుకు డిజిటాలిస్ మందు వాడకం అక్కడినుంచే స్థిరపడింది. గన్నేరు విషం గుండె మీద పనిచేసే తీరూ అదే. ముందు వాంతులు, కడుపునొప్పి. తరువాత నాడి నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది. మొదటి లక్షణాలను అజీర్తి అనుకుని ఊరుకోవడంలోనే ప్రమాదం ఉంది. పచ్చగన్నేరు వేరే మొక్క అయినా దాని విషమూ ఈ జాతిదే.

మన దేశంలో ఆ చెట్టు జోలికి పోవద్దని కసరడానికి ఇంట్లో బామ్మ ఉండేది. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఈ పువ్వు పరిచయమయ్యేది పూజగదిలో. దేవుడి దగ్గర ఉన్నది కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోమని వాళ్ళకు నేర్పింది మనమే. కాబట్టి గన్నేరు పటానికి పెట్టండి గాని, తీర్థంలో వేయకండి, ప్రసాదం పళ్ళెంలో ఉంచకండి. పూజ కాగానే పూలు తీసేయండి. కొమ్మలు ఉంచిన నీళ్ళు పిల్లలకు అందనీయకండి.

పిల్లలెవరైనా నమిలారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం వద్దు. నోట్లో మిగిలింది తీసేసి, బాగానే ఉన్నారనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నీరసించినా, సొమ్మసిల్లినా 999కు ఫోను చేయండి. ఒక రెమ్మ సంచిలో వేసుకుని వెళ్ళండి. డిజాక్సిన్‌కు వాడే విరుగుడు మందు దీనికీ పనికివస్తుంది. అయితే గన్నేరు అంటే అక్కడి డాక్టరుకు తెలియదు. ఒలియాండర్ అని చెప్పాలి. ఆ పేరు కుండీ మీద రాసిపెట్టుకోండి.

వచ్చే నెల కరివేపాకు సంగతి.