బ్రేకేస్తే బ్యాటరీ నిండుతుంది!

హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ నడిపేవాళ్లు యాక్సిలరేటర్ వదిలేస్తారు. బండి దానంతటదే నెమ్మదిస్తుంది. కొన్ని మోడళ్లలో అలా తగ్గిన వేగమే కరెంటుగా మారి మళ్లీ బ్యాటరీలోకి చేరుతుంది. రేసుకార్ల కొత్త నిబంధనల్లో ఇప్పుడు పెద్దపీట ఈ చిన్న కిటుకుకే!

హైదరాబాద్ వాసులు దీన్ని కళ్లారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ రేసు జరిగింది. ‘జెన్3’ అనే కొత్త రకం కారుకు అది నాలుగో రేసు. ఆ కారు గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లు, అంటే సుమారు 470 హార్స్‌పవర్. బ్రేకేసినప్పుడు మాత్రం 600 కిలోవాట్ల దాకా వెనక్కి రాబట్టగలదు. ఇచ్చేదానికన్నా పుచ్చుకునేదే ఎక్కువన్నమాట! అందుకే వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకుల అవసరం లేకుండానే దాన్ని డిజైన్ చేశారు. హైదరాబాద్ ట్రాక్ పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. సగటున 160 మీటర్లకో మలుపు... బ్రేకు మీద బతికే కారుకు అంతకన్నా ఏం కావాలి?

అయితే ఎంత శక్తి వాడాలన్నదానికి లెక్కుంటుంది. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడోస్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి మాత్రం పరిమితికి మించి శక్తి వాడినందుకు 17 సెకన్ల జరిమానా పడింది. పోడియం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది.

ఫార్ములా వన్ కూడా ఇదే బాట పట్టింది. 2026 నిబంధనలతో ఎలక్ట్రిక్ మోటారు శక్తి 120 నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది. ఇంజిన్ మోతే రేసుకు ప్రాణమనే పాతకాలపు అభిమానులకు ఇది మింగుడుపడటం కష్టమే. ఫార్ములా-ఇ మరో అడుగు ముందుకేసి 2026-27 సీజన్‌కు ‘జెన్4’ను ఎంచుకుంది. దాని గరిష్ఠ శక్తి 600 కిలోవాట్లు, వెనక్కి రాబట్టేది 700 దాకా. ఎప్పుడూ నాలుగు చక్రాలూ తోస్తూనే ఉంటాయి.

2024 ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో జరగాల్సిన రెండో రేసు, ఒప్పందం దగ్గర తేడాలొచ్చి నెల ముందే రద్దయింది. రేసు కోసం రోడ్లు మూసేస్తే చుట్టూ తిరిగి ఇల్లు చేరినవాళ్లు హమ్మయ్య అనుకుని ఉంటారు. ఆ ఎన్టీఆర్ మార్గ్ మలుపుల్లో 600 కిలోవాట్ల కారు ఎలా ఒదిగేదో చూసే అవకాశం మాత్రం పోయింది.