స్లో ట్రావెల్ మనకి కొత్తేం కాదు బాస్!

హైటెక్ సిటీలో లాగౌట్ అయ్యి మదీనాగూడ చేరేసరికి ఒక్కోరోజు కారు గంటకి 8 కిలోమీటర్లు కూడా వెళ్లదు. తిట్టుకుంటాం. అదే స్పీడు కోసం జనం డబ్బులు పోసి మరీ ఫ్రాన్స్ వెళ్తున్నారు!

అక్కడ ‘కెనాల్ దు మిది’ అని 240 కిలోమీటర్ల కాలువ ఉంది. 1681లో పూర్తయింది. 1996లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. సరుకు రవాణా పోయాక పాత పడవల్లో కొన్నింటిని తేలే ఇళ్లుగా మార్చేశారు. లోపల వంటగది, మంచాలు. స్పీడ్ లిమిట్ గంటకి 8 కిలోమీటర్లే. నచ్చిన ఊరి దగ్గర ఆపుకోవడం, తిని పడుకోవడం... అంతే టూరు.

రీల్ చూసి ‘లైఫ్ అంటే ఇదిరా’ అనేముందు, మీది గోదావరి, కృష్ణా డెల్టా అయితే తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ కొట్టండి. ‘రాదారి పడవ’ గురించి అడగండి. ఇప్పుడు మనం రాత్రి స్లీపర్ బస్సెక్కినట్టు, అప్పట్లో ఊళ్లకి పడవెక్కి వెళ్లేవాళ్లు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారులే. నీటిమట్టం తేడా ఉన్నచోట లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీళ్లు నింపో వదిలో అవతలి మట్టానికి తెస్తారు. ఫ్రాన్స్‌లోనూ ఇదే టెక్నిక్!

కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు కాలువలు దాటి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ పట్టుకుంటే చెన్నై వరకూ నీటిదారే. 1876-78 కరువులో పనికోసం వచ్చిన కూలీలు ఆ కాలువలో కొంత భాగం తవ్వారు. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో పడవని లాగేవాళ్లు. ఎక్కినవాళ్లకి అది షికారు, లాగేవాళ్లకి కూలి. నాస్టాల్జియాలో ఆ చెమటని మర్చిపోకూడదు.

రైళ్లు, లారీలు వచ్చాక ఫ్రాన్స్ కాలువల్లోనూ సరుకు తగ్గింది. కానీ వాళ్లు వాటిని టూరిజానికి వాడుకున్నారు. మనం? చాలాచోట్ల గుర్రపు డెక్క, ప్లాస్టిక్, మురుగు నీళ్లు. 2008లో ఈ దారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అయినా విజయవాడ నుంచి చెన్నైకి పడవ టికెట్ దొరకదు. పడవ తిరగాలంటే అడ్డొచ్చే కిందివాటు వంతెనలున్నాయి. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కాబట్టి ఏడాదంతా నీళ్లూ ఉండవు.

ఇది షికారు గొడవ మాత్రమే కాదు. 2004 సునామీలో బకింగ్‌హామ్ కాలువ అలల నీటిని తనలోకి తీసుకుని వెనకున్న పల్లెలకి అడ్డుగా నిలిచింది. పూడిపోయిన కాలువ ఆ పని చేయగలదా?

వీకెండ్‌కి కోనసీమలో దిండి హౌస్‌బోటో, పాపికొండలో ప్లాన్ చేస్తే వెళ్లిరండి. లైఫ్‌జాకెట్ మాత్రం సెల్ఫీ కోసం కూడా తీయొద్దు. 2019 కచ్చులూరు ప్రమాదాన్ని గోదావరి జిల్లాలు ఇంకా మర్చిపోలేదు. తాగేసిన వాటర్ బాటిల్ బ్యాగులోనే పెట్టుకోండి, కాలువలోకి విసరకండి. దారి మిగిలుంటేనే కదా, రేపు పడవ తిరిగేది!