వాణిజ్య విద్యలో శాఖానిర్ణయము

అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను ప్రతి సంవత్సరము అనేక గృహములలో ఒక ప్రశ్న చర్చకు వచ్చుచున్నది. డిగ్రీయో, ఇంజనీరింగో ముగించిన పిల్లవాడు ఎం.బి.ఏ.లో చేరినాడు, అతడు ఏ శాఖను గైకొనవలెను? ఫైనాన్సా, మార్కెటింగా, మానవ వనరులా, ఆపరేషన్సా, అనలిటిక్సా యని తండ్రులు తమ మిత్రులను, మిత్రులు తమ మేనల్లుండ్రను అడుగుచున్నారు. అడుగుట మంచిదే. కాని శాఖ పేరు అడుగుటకు ముందు పని పేరు అడుగవలెనని మా అభిప్రాయము. ఈ క్రమము తలక్రిందులగుట చేతనే, తోటను తాకట్టు పెట్టి చదివించిన చదువుల పట్టాలు కొన్ని యిండ్లలో పెట్టె యడుగున పడియున్నవి.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము 1908లో వ్యాపార విద్యాలయమును నెలకొల్పి ఈ పట్టమును ప్రవేశపెట్టెను. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే వాల్తేరున దీనిని ప్రారంభించి, ఈ దేశమున ఆ మార్గము త్రొక్కిన తొలి విశ్వవిద్యాలయములలో నొకటి యయ్యెను. కలకత్తా, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు 1961లో వెలసినవి. విశాఖపట్టణమునకు అట్టి సంస్థ 2015లో వచ్చినది. నేడు ఐసెట్ పరీక్ష వ్రాసిన విద్యార్థి గోదావరి తీరమునందలి కళాశాలలలోనే చేరవచ్చును. సాధారణముగా మొదటి సంవత్సరము అందఱకును ఒకే పాఠము: జమాఖర్చులు, అర్థశాస్త్రము, గణాంకములు, విపణి తత్త్వము, మనుష్య స్వభావము. శాఖాభేదము రెండవ సంవత్సరముననే మొదలగును. అనగా శాఖ పునాది కాదు. పునాదిపై కట్టు గది మాత్రమే. పునాది చాలని వానికి ఏ గదియు నిలువదు.

ఇప్పుడు మన వారిని నడిపించుచున్న మార్గదర్శకులు ముగ్గురు; మువ్వురును నమ్మదగినవారు కారు. మొదటిది వాడుక మాట. ఆడపిల్లకు మానవ వనరులు, లెక్క వచ్చినవానికి ఫైనాన్సు, మాట నేర్చినవానికి మార్కెటింగు అని యెవరో పంచిపెట్టినారు. మానవ వనరుల శాఖలో కార్మిక చట్టములు, వేతన గణనము ఉన్నవని గాని, నేటి మార్కెటింగులో మాట కంటె లెక్కయే హెచ్చని గాని ఆ పంచినవా రెఱుగరు. రెండవది ఆ యేటి గిరాకి. ప్రవేశించునాడు మెఱయుచున్న శాఖ రెండేండ్ల పిమ్మట మెఱయునని యెవరును హామీ యీయజాలరు.

మూడవది వీసా. అమెరికాలో చదువు ముగించిన విదేశ విద్యార్థి సాధారణముగా 12 మాసములు అక్కడ పని చేయవచ్చును. విజ్ఞాన, సాంకేతిక, గణిత విషయముగా అక్కడి ప్రభుత్వము గుర్తించిన చదువైనచో మఱి 24 మాసములు లభించును. అందువలన అచ్చటి విద్యాలయములు పెక్కులు తమ వాణిజ్య పాఠ్యక్రమములను ఆ పట్టికకు సరిపోవునట్లు సవరించుకొన్నవి. మన పిల్లలును ఆ పట్టికను చూచియే శాఖను గోరుచున్నారు. కాని 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించెను. బ్రిటను 2021లో పట్టభద్రులకు రెండేండ్ల గడువు నొసగి, 2025లో దానిని 18 మాసములకు తగ్గింప నిర్ణయించెను. పరదేశపు చట్టము ఒక సంతకముతో మాఱును. ఆ చట్టమును జూచి యెంచుకొన్న శాఖ మాత్రము జీవితాంతము వెంట నుండును. విదేశములకు పోవలదని మేము చెప్పుట లేదు. ఆ ద్వారము మూసికొన్నను పనికివచ్చు విద్యను నేర్చి పొండని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక ఏ శాఖ యందు ఏ పని గలదో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. అంబాజీపేట కొబ్బరి విపణికి పోయిన చాలును. పచ్చికాయ వేయి కాయల లెక్కను అమ్ముడుపోవును. అదే కాయను నెలల తరబడి అటకపై నిలువయుంచినచో నీరింకి కురిడీ యగును. కురిడీలో గండేరా, గటగట మున్నగు రకములు గలవు. ఇప్పుడే అమ్ముట మేలా, నిలువయుంచుట మేలా? 2025 పంటకాలమునకు కేంద్ర ప్రభుత్వము నూనెకు వాడు ఎండుకొబ్బరికి క్వింటాలునకు 11,582 రూపాయలు, కురిడీకి 12,100 రూపాయలు మద్దతు ధర నిర్ణయించెను. భేదము 518 రూపాయలు. అన్ని నెలల వడ్డీకి, తరుగునకు, చెడుపునకు ఆ భేదము సరిపోవునా? విపణి ధర మద్దతు ధరను మించినప్పుడు లెక్క యెట్లు మాఱును? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలుగుటయే ఫైనాన్సు.

మన కాయలు లారీల నిండ ఉత్తరదేశపు పండుగలకు పోవుచున్నవి; కాని అది ఏ సీమ కాయయో అచ్చట కొనువానికి తెలియదు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. లభించిన పేరును కొనువాని చెవికి, నాలుకకు చేర్చుట మార్కెటింగు. దింపు, ఒలుపు, ఎండబెట్టుట, రవాణా, పీచు వినియోగము - ఇందెచ్చట కాలము వృథా యగుచున్నదో కనిపెట్టుట ఆపరేషన్సు. చెట్టెక్కు కార్మికుడు దొరకని నాడు కాయ చెట్టుననే యుండును. అతని కూలి, భద్రత, బీమా, శిక్షణ విచారించుట మానవ వనరుల శాఖ. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో చెట్టెక్కు యువకులకు శిక్షణ నారంభించినది ఈ కొఱత తీర్చుటకే. ధరలు, రాకలు, వానలు, పండుగలు దినదినము వ్రాసియుంచి, వాని నుండి రేపటి సంగతి ఊహించుట అనలిటిక్సు. ఈ యైదింటిలో ఏ పని తన మనస్సును పట్టునో విద్యార్థి యిచ్చటనే తెలిసికొనవచ్చును.

కోనసీమ రైతునకు సేద్యము నేర్పవలసిన పని లేదు. 2011లో ఖరీఫు విరామము ప్రకటించినప్పుడు అతడు చెప్పినది ప్రధానముగా నొక్కటే: పెట్టిన ఖర్చు వచ్చు ధరను మించుచున్నదని. రాష్ట్ర ప్రభుత్వము మోహన్ కందా ఆధ్వర్యమున సంఘమును నియమింపవలసి వచ్చెను. ఖర్చు లెక్క, ధర, అమ్మకము - ఇవి మన వెలితులు. వాణిజ్య విద్య నేర్పునవియు నివియే.

“సరియే గాని, అంబాజీపేటలో ఎం.బి.ఏ.కు జీత మెవరిత్తురు?” అని పాఠకులడుగుదురు. న్యాయమైన ప్రశ్న. నేడు మంచి జీతము నగరముననే గలదు. కావున అందఱకును ఒకే సలహా చెల్లదు. అప్పు చేసి చదువువాడు ముందు అప్పు తీర్పవలెను. బ్యాంకులు, కర్మాగారములు, రవాణా సంస్థలు అన్ని కాలములందు కోరునట్టి ఫైనాన్సు గాని, ఆపరేషన్సు గాని అతనికి క్షేమము. తోటయు, ఇల్లును, కొంత వ్యవధియు గలవానికి మఱియొక మార్గము గలదు. 2002 నాటి చట్ట సవరణ రైతులు తామే ఉత్పత్తిదారుల కంపెనీలు పెట్టుకొనుటకు వీలు కల్పించెను. 2020లో కేంద్రము పదివేల రైతు సంఘముల స్థాపనకు పథకము వేసెను. వీనికి నిర్వాహకులు కావలెను. కురియన్ 1979లో ఆనందులో గ్రామీణ నిర్వహణ విద్యాలయమును స్థాపించినది ఇట్టి కొఱతను గుర్తించియే. మన హైదరాబాదులోని మేనేజ్ సంస్థయు వ్యవసాయ వాణిజ్యమును బోధించుచున్నది.

ఒక శాఖనే నమ్ముకొనుటయు మంచిది కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై నూటికి 50 వంతున సుంకము విధించినప్పుడు, ఆ యొక్క విపణిని నమ్ముకొన్న రొయ్యల చెఱువులవారు పడిన ఆందోళన తీరమంతయు నెఱిగినదే. చదువునకు నదే నీతి. ప్రధాన శాఖ యొకటి, దానికి తోడుగా మఱియొకటి యుండుట మేలు. ఫైనాన్సు చదువువానికి అనలిటిక్సు, మార్కెటింగు చదువువానికి ఆపరేషన్సు తోడుగా నుండవచ్చును.

తండ్రులకు మా మనవి. కళాశాలలో శాఖల పట్టికను గాక, ఆ శాఖను బోధించు ఉపాధ్యాయు డున్నాడా యని విచారింపుడు. పట్టికలో ఐదు శాఖలుండి, పాఠము రెంటికే జరుగు తావులు గలవు. ఎకర మమ్ముటకు ముందు, మీ పిల్లవాడు ఏ పని చేయదలచినాడో అతని నోటనే వినుడు. “అందఱు తీసికొనుచున్నారు” అని యతడు బదులు చెప్పినచో ఆ బేరము కొంతకాలము ఆపుడు.

విద్యార్థులకు నొక మాట. రెండు సంవత్సరముల నడుమ ప్రాజెక్టు పని యని కొన్ని వారములు కేటాయింపబడును. ఆ నివేదికను అంగడిలో కొని యిచ్చుట కొన్ని చోట్ల వాడుకగా మాఱినది. తన శాఖను పరీక్షించుకొనుటకు దొరకిన ఏకైక అవకాశమును అట్లు అమ్ముకొనినవాడు, పిమ్మట ఉద్యోగము దొరకలేదని వగచి ప్రయోజనము లేదు. ఆ వారములను విపణిలోనో, బ్యాంకులోనో, చెఱువు గట్టుననో నిజముగా గడుపుడు. గడిపిన వానికి శాఖ పేరు ఇతరుల నడుగవలసిన యవసరము కలుగదు.