గాలి మరను తిట్టి లాభం లేదు

మిరప పూత మీద ఉంది. తడి పెట్టాల్సిన రోజు. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే రైతుకు కోపం ఎవరి మీద వస్తుందో చెప్పలేం. లైన్‌మన్ మీద రావచ్చు, సర్కారు మీద రావచ్చు. ఈమధ్య గాలి మరల మీద కూడా వస్తోంది.

మొన్న నరసరావుపేట దారిలో ఓ టీ కొట్టు దగ్గర ఆగితే ఇదే చర్చ. "మావాడుండే డల్లాస్‌లో గాలి మరలు మంచుకు బిగుసుకుపోయి ఊరు ఊరంతా చీకటైపోయింది. అవే మరలు మన అనంతపురం, కర్నూలు కొండల మీద పాతారు. ఇక మన మోటార్లు తిరిగినట్టే!" అన్నాడో పెద్దాయన. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. నిజం సగమే ఉంది. ఆ మిగిలిన సగం కోసమే ఇది రాస్తున్నాను.

మన పల్లెల నుంచి పోయిన పిల్లలు డల్లాస్‌లోనూ, హ్యూస్టన్‌లోనూ చాలామంది ఉన్నారు కదా. ఆ రెండు ఊళ్లూ టెక్సాస్ రాష్ట్రంలోవే. అక్కడ ఎండలు మన ఎండల్లాగే ఉంటాయి. అలాంటి చోట 2021 ఫిబ్రవరిలో చలి విరుచుకుపడింది. డల్లాస్‌లో సున్నాకు 19 డిగ్రీల దిగువకు పోయింది. హీటర్లన్నీ ఒక్కసారిగా వేశారు. వాడకం పెరిగిన గంటలోనే ఉత్పత్తి పడిపోయింది. 45 లక్షల పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు లేదు. 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖే లెక్క చెప్పింది.

గాలి మరలు ఆగిన మాట నిజమే. రెక్కల మీద మంచు పేరుకుంది. కానీ ఆ వారంలో చెడిపోయిన, తగ్గిపోయిన యూనిట్లను అమెరికా కేంద్ర సంస్థలు లెక్కతీస్తే అందులో గాలివి 27 శాతం. గ్యాసువి 58 శాతం! గ్యాసు బావుల మూతుల దగ్గరే నీరు గడ్డకట్టింది. ఇంకో విచిత్రం వినండి. గ్యాసును పైపుల్లోకి తోసే యంత్రాలు కరెంటుతో నడిచేవి. కోత పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ లైన్లకూ కోత పెట్టారు. గ్యాసు లేక కరెంటు లేదు, కరెంటు లేక గ్యాసు లేదు. దూడను కట్టేసిన తాడుతోనే ఆవునూ కట్టేసినట్టయింది.

చలికి గాలి మర పనిచేయదా అంటే, స్వీడన్‌లో, కెనడాలో అంతకన్నా చలిలో తిరుగుతున్నాయి. వాటి రెక్కలకు వేడిచేసే ఏర్పాటు ఉంటుంది. టెక్సాస్ వాళ్లు ఆ ఖర్చు పెట్టలేదు. పదేళ్ల ముందు 2011 ఫిబ్రవరిలో కూడా చలికి యంత్రాలు ఆగితే, చలి తట్టుకునేలా బాగుచేసుకోండని నిపుణులు రాసిచ్చారు. ఎవరూ బలవంతపెట్టలేదు కాబట్టి ఎవరూ చేయలేదు. 2021 దెబ్బ తిన్నాకే చట్టం వచ్చింది.

గ్రిడ్ కూలడమంటే ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. బరువు బండి లాగుతున్న ఎడ్ల జతను అనుకోండి. బరువు పెరిగితే నడక మందగిస్తుంది. గ్రిడ్‌లో ఆ నడకనే ఫ్రీక్వెన్సీ అంటారు. మనకు 50, అమెరికాకు 60. ఒక ఎద్దు కూలబడితే రెండోది ఎంతసేపు లాగుతుంది? అందుకే నడక మరీ తగ్గితే విద్యుత్ కేంద్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. టెక్సాస్‌లో ఆ రాత్రి 59.3 దాకా పడింది. 59.4 కన్నా కింద తొమ్మిది నిమిషాలుంటే యంత్రాలు వరసగా ఊడిపోవాలి. నాలుగు నిమిషాల పైచిలుకు అక్కడే ఉంది. ఈలోగా ఊళ్లకు ఊళ్లు కోసేసి, 20 వేల మెగావాట్ల దాకా బరువు దించి బండిని నిలబెట్టుకున్నారు.

మన పెద్దలకు ఇది కొత్తేం కాదు. తొంభైల్లో దక్షిణాది గ్రిడ్ 48 దగ్గర కుంటుతూ నడిచిన రోజులున్నాయి. ఓల్టేజి చచ్చిపోయేది. వైండింగు కొట్టు ముందు మోటార్లు వరసలో పడి ఉండేవి.

టెక్సాస్‌కు ఇంకో చిక్కుంది. వాళ్ల గ్రిడ్ దాదాపు ఒంటరిది. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకునే దారులు సన్నవి. మనమూ ఒకప్పుడు అంతే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు గ్రిడ్లు కూలి 60 కోట్ల మంది చీకట్లో పడితే మనకు దెబ్బ తగల్లేదు. ఒంటరిగా ఉండడమే ఆ రెండు రోజులు కాపాడింది. కానీ అదే ఏడాది కరెంటు చాలక ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు పెట్టింది కూడా మన రాష్ట్రంలోనే. ఉత్తరాది నుంచి తెచ్చుకుందామంటే దారి చాల్లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. నన్నడిగితే కలవడమే మేలు.

ఇప్పుడు మన గాలి సంగతి. మన రాష్ట్రంలో గాలి మరలు సుమారు నాలుగు వేల మెగావాట్లవి ఉన్నాయి. ఎక్కువ భాగం రాయలసీమలోనే. వాటికి చలి బాధ లేదు. ఉన్న బాధల్లా కాలం. నైరుతి గాలులు వీచే జూన్ నుంచి సెప్టెంబర్ వరకు జోరుగా తిరుగుతాయి. అప్పుడు మనకు వానలుంటాయి, పత్తికి బోరు నీళ్లతో పెద్ద పని ఉండదు. డిసెంబర్ నుంచి మార్చి దాకా మిరపకు తడి మీద తడి కావాలి. అప్పుడు గాలి పలచబడుతుంది. అంటే మన అవసరమూ, గాలి మర జోరూ ఒక కాలంలో కలవవు. ఈ మాట ప్రభుత్వం వాళ్లు మనకు చెప్పరు, గాలి మరల కంపెనీలు అసలే చెప్పవు. నేను గాలి కరెంటును కాదనను. జూన్‌లో అది తిరిగినంత మేర బొగ్గు మిగులుతుంది, జలాశయంలో నీరు మిగులుతుంది. ఆ మిగిలినది జనవరిలో మన దాకా వస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

గాలి నమ్మకం లేనిదైతే మరి ఏది నమ్మకం? కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసును నమ్ముకుని కొండపల్లి దగ్గర, గోదావరి జిల్లాల్లో కేంద్రాలు కట్టారు. 2013 నాటికి డి6 గ్యాసు అందక అవి పడుకున్నాయి. బొగ్గు నమ్మకమనుకుంటే 2021 అక్టోబర్‌లో దేశమంతా బొగ్గు నిల్వలు అడుగంటాయి, మన ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాయాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే. కొరత వచ్చిన ప్రతిసారీ వ్యవసాయ ఫీడరు మీద కత్తి ముందు పడుతుంది. గుంటూరులో శీతల గిడ్డంగికి కరెంటు పోతే జనరేటరు ఉంటుంది. ఆ గిడ్డంగిలోకి టిక్కీలు పంపే రైతు పొలంలో జనరేటరు ఉండదు.

మన దారిలో చలి తుపాను రాదు గాని మామూలు తుపాను వస్తుంది. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గరే తీరం దాటింది. పత్తి, మిరప, పొగాకు, వరి అన్నీ నీట మునిగాయి. స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి. గాలి మరలు గంటకు 90 కిలోమీటర్ల దగ్గర వాటంతటవే ఆగిపోతాయి. కానీ ఆ రోజు మన ఊళ్లు చీకటైంది మరల వల్ల కాదు, స్తంభాల వల్ల. కొండ మీద కోట్ల రూపాయల యంత్రం బాగానే ఉండి, మన చేల గట్టున స్తంభం పడిపోతే ఆ యంత్రంతో మనకేం పని?

కాబట్టి అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి, వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలన్నది డిసెంబర్–మార్చి నెలల్లో కచ్చితంగా ఇవ్వాలి. శీతాకాలంలో గాలి లేకపోయినా ఎండ ఉంటుంది. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే వెయ్యి మెగావాట్లది. పగటి ఎండకూ పగటి తడికీ పొత్తు కుదురుతుంది. మిగులు కరెంటును దాచే దారీ మన గడపలోనే ఉంది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలకు ఏడు నీటిని తిరిగి పైకి ఎత్తగలిగేవి. కింద సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. రెండు రాష్ట్రాల నీటి తగువుల్లో ఆ యంత్రాల పూర్తి ప్రయోజనం రైతు దాకా రావడం లేదనే నా అభిప్రాయం.

రెండోది మన వంతు. ఇది చెబితే కొందరికి కోపం రావచ్చు. మా నాన్నగారి బోరుకు ఆటో స్టార్టరు బిగించింది నేనే. రాత్రి కరెంటు రోజుల్లో పాములకు, షాకులకు భయపడి అందరం అదే చేశాం. మోటారు లేచేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. పోయిన కరెంటు తిరిగి రాగానే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే ఏమవుతుంది? మాకేమైందంటే, ఫ్యూజులు పోయాయి, మూడోసారికి ట్రాన్స్‌ఫార్మరే కాలింది. పన్నెండు మంది రైతులం చందాలేసుకుని, ట్రాక్టరు మీద వేసుకుని తిరిగాం. పూత రాలిపోయింది. టెక్సాస్‌లో కరెంటు తిరిగి ఇవ్వడానికి వాళ్లు పడ్డ తిప్పల్లో ఇదీ ఒకటి. హీటర్లన్నీ ఒకేసారి లేవడం.

పగలు కరెంటు వచ్చే చోట ఆటో స్టార్టరుతో పని లేదు, తీసేయండి. ఐదు హెచ్‌పి మోటారుకు 2 కెవిఎఆర్, మూడు హెచ్‌పికి 1 కెవిఎఆర్ కెపాసిటరు పెట్టించండి. ఖర్చు ఒక పురుగుమందు పిచికారీ ఖర్చంత కూడా కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులంతా కూర్చుని వంతులు వేసుకుంటే ఇంకా మంచిది. మా ఊళ్లో వేసుకున్నాం. మొదటి ఏడాది తగాదాలు పడ్డాం కూడా.

ట్రాన్స్‌ఫార్మరు కాలితే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని నిబంధన ఉంది. దాన్ని మోసుకుపోయే పని, చందా వేసే పని రైతుది కాదు. 1912కు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. వాళ్లిచ్చే నంబరు, చేసిన గంట ఒక కాగితం మీద వేసి ఉంచుకోండి. 48 గంటలు దాటాక ఏఈ గారి దగ్గరికి ఆ కాగితంతో పోతే మాట వేరుగా ఉంటుంది.